కాలి వేలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

మడమ దగ్గర చిన్న పుండు పడిందనీ, రెండు రోజులకే గజ్జల్లో బిళ్ళ కట్టిందనీ, ఇన్‌ఫెక్షన్ అక్కడిదాకా పాకిందా అనీ మీరు అడిగారు. నేను డాక్టర్ని కాదు. కానీ అచ్చం ఇలాగే నాకూ అయింది కాబట్టి, అప్పుడు తెలుసుకున్నది చెప్తాను.

బొటనవేలి గోరు కత్తిరించుకుంటూ పక్కనున్న చర్మం కూడా కోసుకున్నాను. పట్టించుకోలేదు. మూడో రోజుకి వేలు ఎర్రగా వాచి, సలుపు మొదలై, కాస్త చీము పట్టింది. దానికీ భయపడలేదు. నాలుగో రోజు పొద్దున మంచం దిగుతుంటే గజ్జల్లో పట్టేసినట్టు అనిపించి తడిమి చూసుకుంటే చిక్కుడు గింజంత బిళ్ళ, నొక్కితే నొప్పి! ఇక ఆ రోజంతా ఫోన్‌లో వెతుకుతూ క్యాన్సర్ దాకా వెళ్ళొచ్చాను. సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన బిళ్ళని ఒకసారి తడిమి, "ఏదీ, కాలు చూపించండి" అన్నారు. నేనింకా వేలి సంగతి చెప్పనే లేదు. కాలు చూశాక, బిళ్ళకి మందు అక్కర్లేదు, వేలికి రాసిస్తాను అన్నారు.

చెప్పకుండానే ఆయన కాలు ఎందుకు అడిగారో ఇంటికొచ్చి చదివితే గానీ అర్థం కాలేదు. సన్నటి రక్తనాళాల్లోంచి నీరులాంటి ద్రవం ఎప్పుడూ కణాల మధ్యలోకి ఊరుతూ ఉంటుంది. అందులో చాలావరకు తిరిగి రక్తంలోకే పోతుంది, మిగిలిపోయిన రోజుకి సుమారు 3 లీటర్లను వెనక్కి చేర్చడానికి వేరే గొట్టాలున్నాయి. అవే లింఫ్ నాళాలు, వాటిలో పారేదే లింఫ్, మనం స్కూల్లో చదువుకున్న శోషరసం. దీన్ని తోయడానికి గుండెలాంటి పంపు ఏదీ లేదు. నాళాల గోడలు ముడుచుకోవడం, మనం నడిచినప్పుడు కండరాలు నొక్కడం, ఊపిరి తీసినప్పుడు వచ్చే ఒత్తిడి, వీటితోనే మెల్లగా పైకి పోతుంది, వెనక్కి జారకుండా మధ్యమధ్యలో కవాటాలుంటాయి. (ఈ నాళాల్లోనే పురుగులు చేరి దారి పాడు చేస్తే వచ్చేది బోదకాలు.) కాలి లింఫ్ గజ్జల మీదుగా, చేతిది చంక మీదుగా, ముఖానిది మెడ మీదుగా పోయి, చివరికి మెడ కింద పెద్ద సిరల్లో రక్తంతో కలుస్తుంది. దారి పొడవునా చెక్‌పోస్టుల్లా ఉన్నవే లింఫ్ గ్రంథులు, ఒంట్లో మొత్తం ఓ 600 దాకా ఉంటాయి. వీటిలో ఒకటి వాస్తేనే బిళ్ళ కట్టిందంటాం, అందుకే అది ఎక్కడ కట్టిందో చూస్తే దెబ్బ ఎటువైపుందో చాలాసార్లు చెప్పెయ్యొచ్చు. అన్నట్టు గవదబిళ్ళల్లో వాచేవి మాత్రం ఇవి కావు, లాలాజల గ్రంథులు. పేరులో బిళ్ళ ఉందని నేనూ చాలాకాలం పొరబడ్డాను.

ఇక అసలు సంగతి. చర్మం చిరగ్గానే సూక్ష్మక్రిములు లోపలికొస్తాయి, అక్కడే కాపలా ఉన్న కణాలు వాటిని మింగుతూ రసాయనాలు వదులుతాయి, దాంతో రక్తనాళాలు వెడల్పై వేలు ఎర్రబడి వాస్తుంది, రక్తంలోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు వచ్చిపడతాయి. మన ఎముక మజ్జ వీటిని రోజుకి దాదాపు 10 వేల కోట్లు తయారు చేస్తుందట! పోరాడి చచ్చిన ఆ కణాలే చాలావరకు చీము. ఈ దళానికి వచ్చిన శత్రువు ఎవరన్నది పెద్దగా పట్టదు, కనిపించినదాన్ని కొడుతుంది.

ఎవరో గుర్తుపట్టే పని గజ్జల్లో జరుగుతుంది. పుండు దగ్గరున్న డెండ్రైటిక్ కణాలు క్రిమి ముక్కల్ని పట్టుకుని లింఫ్‌లో పడి గ్రంథికి చేరతాయి. ఈ కణాల్ని 1973లో బయటపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కి 2011లో నోబెల్ ప్రకటించారు, కానీ ఆయన అంతకు మూడు రోజుల ముందే చనిపోయారు, ఆ సంగతి తెలియక ప్రకటించిన కమిటీ బహుమతిని అలాగే ఉంచింది. సరే, గ్రంథిలో ఏమవుతుందంటే, ఆ ముక్కకి సరిపోయే టి కణం (ఒక్కో క్రిమిని ప్రత్యేకంగా గుర్తుపట్టే తెల్లకణం) లక్ష నుంచి పది లక్షల కణాల్లో ఒక్కటి ఉంటుంది. అది దొరికేదాకా వెతకాలి కాబట్టి గ్రంథికి రక్తం ఎక్కువగా వస్తుంది, లోపలికొచ్చిన కణాలు కొంతసేపు బయటికి పోవు, సరైనది దొరికాక అది ఒకటి రెండై, రెండు నాలుగై వేలల్లోకి పెరుగుతుంది. బి కణాలనే ఇంకో రకం తెల్లకణాలు కూడా అలాగే పెరిగి, క్రిములకి అతుక్కునే యాంటీబాడీలు తయారు చేస్తాయి. ఇంత జనం ఒక గింజంత చోట కిక్కిరిస్తే పైపొర సాగి నొప్పి పుట్టదా మరి? అలా ఉబ్బిన గ్రంథే మీ బిళ్ళ. చాలాసార్లు అక్కడికి చేరింది జబ్బు కాదు, జబ్బు కబురు.

ఈ పనికి వారం దాకా పడుతుంది. కానీ పోరు ముగిశాక కొన్ని కణాలు జ్ఞాపకంతో మిగిలిపోతాయి. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు వ్యాపించినప్పుడు పానుమ్ అనే డాక్టర్ గమనించాడు, 1781లో ఒకసారి తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్ళలో ఒక్కరికీ మళ్ళీ రాలేదు. మధ్యలో 65 ఏళ్ళు! అన్ని జబ్బులకీ ఇలా ఉండదు, ధనుర్వాతం వచ్చి తగ్గినా మళ్ళీ రావచ్చు, అందుకే నాకూ ఆ రోజు ఇంజెక్షన్ వేశారు.

మీ వీధిలో ఎవరో చెప్పారని ఇమ్యూనిటీ పెంచే పొడులు కొనమాకండి. అది ఎంత పెంచితే అంత మంచిది అనుకునేది కాదు, ఎలర్జీలూ, సొంత కీళ్ళనే తినేసే వాతాలూ ఈ సైన్యం గురి తప్పితే వచ్చేవే.

ఆలస్యం చెయ్యకుండా వెళ్ళాల్సినవి చెప్తాను: పుండు నుంచి ఎర్రటి గీత పైకి పాకుతుంటే, చలిజ్వరం వస్తే, బిళ్ళ మీది చర్మం ఎర్రబడి మెత్తబడితే ఆ రోజే వెళ్ళండి. నొప్పి లేకుండా గట్టిగా, కదలకుండా ఉండి రెండు మూడు వారాలకీ తగ్గకపోయినా, కాలర్ ఎముక పైన వచ్చినా చూపించుకోవాలి.

నా వేలు వారంలో మానింది, బిళ్ళ పూర్తిగా పోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మధ్యలో నొప్పి ఎక్కువైందని మళ్ళీ వెళ్తే, రోజుకి ఎన్నిసార్లు నొక్కి చూసుకుంటున్నారు అని అడిగారు డాక్టర్. లెక్కపెట్టలేదన్నాను. నొక్కడం మానెయ్యమన్నారు, మానేశాను, రెండు రోజుల్లో నొప్పి పోయింది.