ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని చేతిలో రూపాయి పెట్టుకోకపోతే

ప్రశ్న: సార్, మేం తిరుపతిలో కొరమేనుగుంట దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొన్న వానలకి రాత్రికి రాత్రి సెల్లార్‌లోకి నీళ్లొచ్చి కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తోడించినాక పొద్దున్నే రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టినాను, టక్‌మని శబ్దం వచ్చి ఆగిపోయింది. కారుకి నాలుగేళ్లు దాటింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, కానీ పోయిన రెన్యువల్‌లో 1,900 తగ్గుతుందని ఇంజన్ ప్రొటెక్ట్, బంపర్ టు బంపర్ రెండూ తీసేసినాను. షోరూమ్ ఎస్టిమేట్ 1,72,000. అందులో ఇంజన్‌కి 1,08,000 అసలు ఇవ్వం అంటున్నారు ఇన్సూరెన్స్ వాళ్లు, మిగతా 64,000లో 41,000 వస్తుందంట. జీతం 52,000, ఇంటి ఖర్చు 27,000, కారు ఈఎంఐ 9,400 ఇంకా ఏడు నెలలుంది, 3 లక్షల చీటీకి నెలకి 12,000 కడతా ఉన్నా, ఇది తొమ్మిదో నెల, మొన్న పాట 2,25,000కి పోయింది. బ్యాంకులో 22,000 ఉంది. తెలిసినాయన ఒకాయన నోటు రాసిస్తే మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా, చీటీ పాడుకోనా, మా ఆవిడ గాజులు కుదవ పెట్టనా? డ్యూటీకి రేణిగుంట పోను కంపెనీ బస్సుంది, కారు ఎక్కువగా ఆదివారాలకే. క్లెయిమ్ వేస్తే ఎన్‌సీబీ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుందంట కదా?

జవాబు: ముందు ఆ నోటు మీద సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీ చేతి నుంచి పడేది 1,31,000, దానికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 3,930. మీరు రాసిన లెక్కల్లోనే ఖర్చులన్నీ పోను మీకు నెలకి మిగిలేది 3,600. అంటే వడ్డీకే చాలదు, అసలు మాట దేవుడెరుగు. ఏడాదికి 47,160 కట్టినాక కూడా అసలు 1,31,000 అట్లే కూర్చొని ఉంటుంది. తెలిసినాయన, మంచోడు, ఒత్తిడి చేయడు అని అందరూ ఇట్లే రాస్తారు నాకు, ఆదివారం బయటికి పోయే కారు కోసం నూటికి 36 వడ్డీకి అప్పు చేసే అవసరం ఏముందో మీరే ఒకసారి ఆలోచించండి. లోన్ యాప్‌లు, క్రెడిట్ కార్డు మీద డబ్బు లాగడం కూడా ఇదే కోవ, వాటి వైపు చూడొద్దు.

మీ ఉత్తరానికి జవాబివ్వడానికి కారణం ఒకటుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇంకా చేతిలో డబ్బెందుకు అనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. మీ కేసులో ఇంజన్ సంగతి పక్కన పెట్టండి, కంపెనీ ఒప్పుకున్న 64,000 పనికే మీ వాటా 23,000 పడింది చూడండి. వాళ్లేమీ మోసం చేయలేదు. జీరో డెప్, అంటే మీరు తీసేసిన ఆ బంపర్ టు బంపర్, లేని పాలసీలో పార్టులు పాతబడినందుకు ప్లాస్టిక్, రబ్బర్, బ్యాటరీకి సగం కోస్తారు, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు బండికి మెటల్ పార్టుల మీద 35 శాతం కోత, పైన చిన్న కారుకి 1,000 కంపల్సరీ డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సింది. పాలసీ సరిగ్గా పని చేసినా ఇదే లెక్క. ఆ 23,000 కూడా కట్టే దారి లేక మీరు నోటు దాకా పోయినారు, నాకు బాధనిపించింది అక్కడ.

ఇంజన్ సంగతి. నీళ్లు పోయిన ఇంజన్‌కి సెల్ఫ్ కొడితే సిలిండర్‌లో నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఆ టక్‌మన్న శబ్దం అదే. వరద వల్ల జరిగింది వేరు, వరద తర్వాత మనం స్టార్ట్ చేయడం వల్ల జరిగింది వేరు అంటాయి కంపెనీలు, ఇంజన్ ప్రొటెక్ట్ లేకపోతే రెండోదానికి ఇవ్వరు. విప్పినప్పుడు వంగిన రాడ్డు, కంపెనీ తరఫున నష్టం చూసే సర్వేయర్‌కి కనిపిస్తుంది కాబట్టి నేను స్టార్ట్ చేయలేదు అని చెప్పమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఒప్పుకున్న 41,000కి కూడా ఎసరొస్తుంది. అయితే సర్వే రిపోర్టు కాపీ మీరు అడిగి తీసుకోవచ్చు, తీసుకోండి. అందులో ఇంజన్ ఫ్లష్ చేయడం (లోపల కడిగి శుభ్రం చేయడం) లాంటివి కూడా ఇంజన్ కింద కలిపి కొట్టేసినారేమో చూడండి, అవి నీళ్లు పోవడం వల్ల వచ్చిన ఖర్చులు, వాటిని ఇవ్వమని అడగొచ్చు. కొట్టేసి ఉంటే కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాతలో పెట్టండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మొత్తం 1,08,000 వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, మీ కేసు అంత బలంగా లేదు. టోటల్ లాస్ అడగొచ్చా అని ఎవరో మీకు చెప్పి ఉండొచ్చు, రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి రాసిన విలువలో, 75 శాతం దాటితేనే అది, మీది ఆ దరిదాపుల్లో లేదు.

చదివే మిగతావాళ్లకి కూడా ఇక్కడే చెప్తున్నా. నీళ్లు తలుపు దాటి లోపలికొస్తే తాళం చెవి పెట్టకండి, తోసి స్టార్ట్ చేసేది కూడా వద్దు. నీళ్లు తీసినాక తలుపు లోపల, సీటు గుడ్డ మీద బురద గీత ఒకటి మిగులుతుంది, కడిగేసే ముందు ఆ గీత, నంబర్ ప్లేట్ కలిసి పడేట్టు ఫోటోలు, వీడియో తీయండి. బ్యాటరీ వైరు పీకించి, కంపెనీకి ఫోన్ చేసి, లారీ మీదికెక్కించి షెడ్డుకి పంపండి. అక్కడ డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే నీళ్లు లోపలికి పోయినట్టే. ఆ ఒక్క పొద్దున ఆగి ఉంటే మీ బిల్లులో ఎక్కువ భాగం ఉండేదే కాదు.

ఇప్పుడు డబ్బు దారి. ఇంజన్‌ని ఆపండి. నిజంగానే చెప్తున్నా, డ్యూటీకి బస్సుంది, ఇంజన్ అత్యవసరం కాదు. కానీ వైరింగ్, సీట్లు, కార్పెట్, స్టార్టర్ మోటారు ఆగవు, తడిసినవి అట్లే పెడితే తుప్పు, బూజు పట్టి రెండు నెలల్లో ఇంకో ఎస్టిమేట్ తయారవుతుంది. కాబట్టి కంపెనీ ఒప్పుకున్న 64,000 పని ఇప్పుడే చేయించండి, ఇంజన్ పని తర్వాత చేయించుకుంటానని సర్వేయర్‌తో ముందే మెయిల్‌లో ఒప్పించుకోండి, లేకపోతే ఫైనల్ బిల్లు దగ్గర మెలిక పెడతారు. ఇంజన్‌లో నీళ్లు పూర్తిగా తీయించి లోపల ఆయిల్ పట్టించి పెట్టమనండి. మీ వాటా 23,000కి మాత్రం ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టండి, ఆమెని అడిగి, అంతవరకే. బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ ఆ మూడు రూపాయల దాంట్లో మూడో వంతు కూడా ఉండదు, నెలకి 3,600 కడతా పోతే మీ కారు ఈఎంఐ అయిపోయే నాటికి ఇది కూడా అయిపోతుంది. ఆ 22,000 ముట్టుకోవద్దు.

చీటీ ఇప్పుడు పాడితే 75,000 వదులుకున్నట్టు. ఏడు నెలల తర్వాత మీరు పదహారో నెలలో ఉంటారు, చీటీ చివరికొచ్చే కొద్దీ మామూలుగా పాటలో వదులుకునేది తగ్గుతుంది, అప్పుడు పాడుకోండి. ఈఎంఐ, గోల్డ్ లోన్ రెండూ ఉండవు కాబట్టి నెలకి 13,000 ఊపిరి ఉంటుంది, మిగతా చీటీ నెలలు కట్టడం కష్టం కాదు. వచ్చిన దాంట్లోంచి ఇంజన్ చేయించండి, షోరూమ్ ఒక్కటే కాకుండా బయట ఆటోనగర్‌లో రెండు షెడ్లలో కూడా రేటు అడిగి. పాత ఇంజన్ తెచ్చి వేయిస్తే నంబర్ మారుతుంది, ఆర్టీవోలో ఆర్సీ మీద ఎక్కించి కంపెనీకి కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఇంకో క్లెయిమ్‌కి అదే అడ్డం.

ఇంజన్‌కి పోను మిగిలింది దేనికీ వద్దు, ఫిక్సెడ్ డిపాజిట్‌లో పడేయండి. ఇల్లు, ఈఎంఐ కలిపి మీకు నెలకి 36,400, నాలుగు నెలలకి దగ్గర దగ్గర లక్షన్నర. ఇవాళ మీ దగ్గర ఆ లక్షన్నర ఉండి ఉంటే నాకు ఉత్తరం రాసేవాళ్లు కాదు, మీ చేతి నుంచి పడే 1,31,000 మొత్తం కట్టి కూడా ఇంకా మిగిలేది. చీటీ ఉంది కదా సార్, అదే నా ఎమర్జెన్సీ అంటారు చాలామంది. చీటీ మీకు కావాల్సిన రోజు రాదు, పాట రోజు వస్తుంది, అదీ జామీనుదార్లని చూపించినాక, ఎంత అవసరంలో ఉంటే అంత ఎక్కువ తగ్గించుకోవాలి. చీటీ కట్టండి, వద్దనను, కానీ అది ఈ డబ్బుకి బదులు కాదు. 2015 నవంబర్‌లో నీళ్లు చూసినాం, 2021 నవంబర్‌లో కొండ మీద నుంచి నీళ్లు దిగి వీధుల్లో బండ్లు కొట్టుకుపోతుంటే చూసినాం, రాయలచెరువు కట్ట దగ్గర ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించినారు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను. కార్తీకం వస్తే మన జిల్లాలో వాన వస్తుందని తెలిసి కూడా అక్టోబర్ నాటికి బ్యాంకులో నాలుగు నెలల ఖర్చు లేకుండా ఉండటం ఏంటండీ. లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టుకున్నా సరే, ఎక్కడ పెట్టినారని నాకు పట్టింపు లేదు, ఉండాలి అంతే.

ఇక ఎన్‌సీబీ. పోతుంది, తర్వాతి రెన్యువల్‌లో సున్నా నుంచి మొదలు. ఇప్పటిదాకా క్లెయిమ్ లేకపోతే మీది 45 శాతం ఉండాలి, అది మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద మాత్రమే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద కాదు. బంపర్ గీసుకుపోయి 4,000 బిల్లయితే జేబులోంచి కట్టుకోమంటాను, ఇక్కడ 41,000 వదులుకోవడంలో అర్థం లేదు, క్లెయిమ్ తీసుకోండి. రెన్యువల్ తేదీకి ఇంజన్ ఇంకా చేయించకపోయినా పాలసీ మాత్రం తెగనివ్వకండి, తెగితే మళ్లీ ఇన్‌స్పెక్షన్ అంటారు, ఇంజన్ లేని బండిని చూసి ఎవరూ సులువుగా ఇవ్వరు. ఇంజన్ ప్రొటెక్ట్ అప్పుడు మళ్లీ అడగండి, ఐదేళ్లు దాటితే చాలా కంపెనీలు ఇవ్వవు కాబట్టి రెన్యువల్‌కి నెల ముందే రెండు మూడు చోట్ల కనుక్కోండి, ఈలోపు బండిని ఆ సెల్లార్‌లో మాత్రం పెట్టకండి.