మాలర్ 8వ సింఫనీ: మొదట ఎవరి రికార్డింగ్ వినాలి?

ఆస్ట్రియన్ స్వరకర్త మాలర్ 8వ సింఫనీ, అంటే ఆర్కెస్ట్రాతో పాటు పెద్ద గాయక బృందాలు పాడే రచన, విందామని షోల్టీ నడిపించిన రికార్డింగ్‌ని ఫోన్‌లో పెట్టుకుంటే కాసేపటికే తల దిమ్మెక్కిందని, కూబెలిక్, టెన్‌స్టెట్ అనే ఇంకో ఇద్దరు ఆర్కెస్ట్రా నిర్దేశకులవి కూడా దొరికాయని, దేనితో మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. చిత్తూరులో భజన బృందంలో పాడతానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ముందు కూబెలిక్. తర్వాత షోల్టీ. ఆ రెండూ ఒంటబట్టాక టెన్‌స్టెట్.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా అన్నమయ్య కీర్తనల గోష్ఠిగానంలో పాడుతున్నాను. సప్తగిరి సంకీర్తనలు ఎత్తుకుంటే ఎన్ని వందల మందిమి ఉన్నా వరస ఒక్కటే. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ఆలస్యంగా అందుకుంటే పల్లవి మొదటి అక్షరం అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది, అంతే. కీర్తనకు లోటు రాదు. మాలర్ దగ్గర అలా కుదరదు. రెండు పెద్ద బృందాలు, ఒక్కోదానిలో నాలుగేసి గొంతుల వరసలు. వాటికి తోడు పిల్లల బృందం, ఎనిమిది మంది సోలో గాయకులు, ఆర్గన్. ఎవరి దారి వారిది. అక్కడ అక్షరం అలుక్కుపోతే అన్ని దారులూ కలిసిపోయి ఒట్టి హోరు మిగులుతుంది. మీకు వినిపించింది ఆ హోరే. అందుకే ఈ సింఫనీ రికార్డింగులను పోల్చేటప్పుడు ఎంత గట్టిగా మోగిందన్నది నేను పట్టించుకోను. ఎడమ బృందం పాడేది, కుడి బృందం పాడేది విడివిడిగా చెవికి అందుతున్నాయా లేదా, అదొక్కటే చూస్తాను.

1910 సెప్టెంబరు 12న మ్యూనిక్‌లో మాలర్ స్వయంగా నడిపించిన తొలి కచేరీలో 858 మంది గాయకులు, 171 మంది వాద్యకారులు ఉన్నారు. ‘వెయ్యి మంది సింఫనీ’ అన్న పేరు ఆ కచేరీ నిర్వాహకుడు ప్రచారానికి తగిలించినది. మాలర్‌కు అది నచ్చలేదు. రికార్డింగుల్లో సాధారణంగా అంతమంది ఉండరు. ఉంటే మైకుకు ఒరిగేదీ లేదు.

రఫాయెల్ కూబెలిక్ 1970లో బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్ దాదాపు 74 నిమిషాలు, ఒకే సీడీలో పట్టేస్తుంది. ఎక్కడా సాగదీయడు. మొదటి భాగం పాత లాటిన్ స్తోత్రం. దాని నడుమ పిల్లల గొంతులు ఒక్కసారిగా పైకి లేచే చోటు ఒకటుంది. ఎవరి రికార్డింగ్ చేతికొచ్చినా నేను మొదట వెతుక్కునేది ఆ చోటునే. చాలావాటిలో పిల్లలు పెద్దల గొంతుల కింద నలిగిపోతారు. కూబెలిక్ దగ్గర వాళ్ల గొంతు సన్నగా, స్పష్టంగా పైన తేలుతుంది. ఆ వెంటనే వచ్చే ఫ్యూగ్‌లో, అంటే ఒకే వరసను ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకునే చోట, ఒక బృందం అందించిన వరసను ఇంకో బృందం అందుకోవడం వేలు పెట్టి చూపించగలను. రెండో భాగంలో జర్మన్ గాయకుడు ఫిషర్ డీస్కౌ పాడినదైతే చెప్పనక్కర్లేదు. ఆర్భాటం తక్కువేనని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు, నిజమే. మొదటిసారి వినేవాళ్లకు ఆ తక్కువే మేలు చేస్తుంది.

షోల్టీ రికార్డింగ్‌ని మాత్రం పక్కన పెట్టేయకండి. 1971లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాను వియన్నా తీసుకెళ్లి సోఫియెన్‌సాల్ అనే హాలులో చేశాడు. ఒకప్పుడు అది స్నానశాల. నేల కింద ఉన్న ఖాళీ కొలను వల్లే ఆ హాలుకు అంత నిండైన నాదం వచ్చిందంటారు. 2001లో అది కాలిపోయింది. ఆర్గన్ మీద బృందాలు విరుచుకుపడే ఆ మొదటి క్షణాన్ని అంత ధాటిగా ఇంకెవరూ పట్టలేదని నా అభిప్రాయం. గాయని లూసియా పాప్ గొంతు కోసమైనా వినాలి. కానీ ఆయన తగ్గాల్సిన చోట కూడా పూర్తిగా తగ్గడు. ఫోన్ స్పీకర్ మీద మీకు తల తిరగడంలో వింత లేదు.

టెన్‌స్టెట్ లండన్ ఫిల్‌హార్మోనిక్‌తో 1986లో చేసినది బాగా నిదానం, 80 నిమిషాలు దాటుతుంది. ఆయనకు గొంతు క్యాన్సర్ బయటపడ్డ మరుసటి ఏడాది అది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, మొదట వద్దనడానికి కారణం ఆ నిదానమే. రెండో భాగంలో దేవమాత (మేరీమాత) కనిపించే ఘట్టంలో మాలర్ హార్మోనియం వాడాడు. మన భజనల్లో శ్రుతి పట్టినట్టే అది నిలకడగా పట్టుకుంటే, హార్ప్ మీటుతుంది, పైన వయొలిన్లు మెల్లగా కదులుతాయి. టెన్‌స్టెట్ అక్కడ ఎంత ఓపిక పడతాడంటే, హార్మోనియం రీడు పలుకు నాకు చెవి దగ్గరే ఉన్నట్టుంటుంది. మన పెట్టెను ఆ సముద్రంలో విన్న రోజు ఆ చోటుకే మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లాను.

బెర్న్‌స్టీన్ 1966లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసినదీ, రాటిల్ 2004లో బర్మింగ్‌హామ్‌లో చేసినదీ మంచివే, తర్వాత చూసుకోవచ్చు.

వినే ముందు రెండో భాగం సాహిత్యం ఒకసారి చదవండి. అది జర్మన్ కవి గోథే నాటకం ‘ఫౌస్ట్’ చివరి ఘట్టం. ఎవరు పాడుతున్నారో తెలియకపోతే ఆ గంట బరువవుతుంది. ఫోన్ స్పీకర్ వద్దు, మామూలు ఇయర్‌ఫోన్లయినా సరే. రెండో భాగం మొదట్లో చాలాసేపు ఆర్కెస్ట్రా గుసగుసలాడుతుంది, వినపడట్లేదని వాల్యూమ్ పెంచేయకండి. చివర్లో దూరంగా నిలబెట్టిన ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ఆర్గన్ అన్నీ ఒక్కటై మోగుతాయి. ముందు ఆ చివరి రెండు నిమిషాలు పెట్టి చూసి, చెవికి సుఖంగా ఉన్నచోట వాల్యూమ్ ఆపి, అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టండి.