ఆ ఏడు మార్కుల గురించి

అమ్మా,

విద్యార్థుల బ్లాగులను రూబ్రిక్‌తో, అంటే ప్రమాణాలనూ స్థాయిలనూ గళ్లుగా చూపే మార్కుల పట్టికతో, మూల్యాంకనం చేయడం గురించి మీరు పంపిన వ్యాసం చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే రెండోసారి చదివించినది భాష కాదు, నాలుగో పేజీ అడుగున కొద్ది వాక్యాల్లో మీరు చెప్పి వదిలేసిన పిల్లవాడు.

జవాబు తెలిసి కూడా తరగతిలో తానెందుకు తల దించుకుంటాడో, నత్తి ఉన్న ఆ కుర్రవాడు 11 వాక్యాల బ్లాగు టపాగా రాశాడు. మీ పట్టిక అతనికి 20కి 7 మార్కులు వేసింది. 150 పదాలు లేవు, రెండు లంకెలు లేవు, బొమ్మ లేదు, తోటివారి టపాల కింద మూడు వ్యాఖ్యలు రాయలేదు. ‘రూబ్రిక్‌కు కొన్ని పరిమితులు ఉన్నాయి’ అని మీరు ముందుకు సాగిపోయారు. రూబ్రిక్ అన్న మాట ఎరుపును తెలిపే లాటిన్ పదం నుంచి వచ్చిందనీ, పాత రాతప్రతుల్లో శీర్షికలను ఎర్ర సిరాతో రాసేవారనీ చెప్పడానికి మాత్రం పేజీ అంతా కేటాయించారు. నన్ను బాధించినది ఇదే. మీ వ్యాసం ఆ పిల్లవాడి దగ్గరే మొదలు కావాలి.

రూబ్రిక్ వద్దని నేను అనడం లేదు. ప్రమాణాలు ముందే తెలియకపోతే మార్కులు ఉపాధ్యాయుల ఇష్టాయిష్టాలను బట్టి పడతాయి. 1961లో రచనల మూల్యాంకనంపై పరిశోధించిన పాల్ డీడెరిక్, ఆయన సహచరులు కళాశాల విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకుని, వేర్వేరు రంగాలకు చెందిన 53 మందికి ఇచ్చి, యోగ్యతను బట్టి తొమ్మిది దొంతరలుగా పేర్చమన్నారు. ప్రమాణాలేవీ చెప్పలేదు. 101 వ్యాసాలకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని స్థాయిలూ వచ్చాయి. మీ వ్యాసం ఈ అధ్యయనాన్ని ప్రస్తావించి, ‘అందుకే రూబ్రిక్ కావాలి’ అని అక్కడే ఆగింది. అసలు సంగతి ఆ తరువాత ఉంది. ఎవరి తీర్పు ఎవరితో కలుస్తున్నదో గమనించి, వారు వ్యాసాల మీద రాసిన మాటలను పరిశీలిస్తే, భావాలు, అమరిక, పదాల ఎంపిక, భాషా నియమాలు, రాసిన మనిషి ముద్ర అనే ఐదు దృష్టికోణాలు తేలాయి. అంటే ఆ ప్రమాణాలు చదివినవారి నుంచి వచ్చాయి. మీ పట్టిక ఒక్క టపా కూడా చదవకముందే తయారైంది.

నా పట్టుదల అంతా ఇక్కడే ఉంది, దీని మీద నేను రాజీ పడను. మొదటి నెల మార్కులు వేయకండి. పిల్లలు రాసిన వాటిలో ఓ ఇరవై టపాలు పేర్లు తీసేసి, మరో ఉపాధ్యాయురాలితో కలిసి మూడు దొంతరలు పెట్టండి. ఏది ఎందుకు ఏ దొంతరలోకి వెళ్లిందో కాగితం మీద రాయండి, ఇద్దరికీ తేడా వచ్చిన టపాల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. గళ్లలో రాయవలసిన మాటలు అక్కడ దొరుకుతాయి. ‘చాలా బాగా’, ‘బాగా’, ‘కొంతవరకు’ అని క్రియావిశేషణాలు మార్చుకుంటూ పోతే నాలుగు గళ్లు నిండుతాయి గానీ, తరువాతి టపాలో ఏం చేయాలో పిల్లలకు తెలియదు. ‘వ్యాఖ్యలు: కనీసం 3’ అంటే మూడుసార్లు ‘బాగుంది’ అని రాస్తారు. దానికి బదులు, పై స్థాయి గడిలో ‘టపాలోని ఒక మాటను పట్టుకుని, దానికి ఉదాహరణనో సందేహాన్నో అభ్యంతరాన్నో చేర్చింది’ అనీ, కింది గడిలో ‘మెచ్చుకుని ఆగిపోయింది’ అనీ రాసి చూడండి. లంకెల సంగతీ అంతే, ఎన్ని ఇచ్చారన్నది కాక, ఆ లంకె అక్కడ ఎందుకు అవసరమైందో చెప్పారా అన్నది చూడాలి.

నోటుపుస్తకంలోని వ్యాసానికి, బ్లాగు టపాకు తేడా చదివేవాళ్లే. టపాను తోటివారు చదువుతారు, జవాబు రాస్తారు, ఆ జవాబు చూసి రాసినవారు తన మాటను దిద్దుకోవచ్చు, తరువాతి టపాలో దాన్నే కొనసాగించవచ్చు. ఈ కదలికను కొలిచే గడి మీ పట్టికలో ఒక్కటీ లేదు. ఆ పిల్లవాడి టపా కింద ఒక తోటి విద్యార్థి ‘నువ్వు మాతో మాట్లాడటం ఇష్టం లేక ఊరుకుంటావనుకున్నాను’ అని రాసినట్టు మీరే చెప్పారు. అంత జవాబు రప్పించిన రచన మీ పట్టికలో ఏ గడిలోకి వస్తుంది? విడి టపాకు మార్కులు మానేసి, నెలకోసారి పిల్లలే తమ టపాల్లో మూడింటిని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రాసి ఇచ్చే పద్ధతి పెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి రూబ్రిక్‌లో బొమ్మలకు రెండు మార్కులు పెట్టాను. చక్కగా రాసే ఒక అమ్మాయి వారం వారం బొమ్మలు పెంచి, వాక్యాలు తగ్గించింది. నేను పూర్తి మార్కులు వేస్తూ వచ్చాను. ఆమె రాయడం మానేసిందని ఏడాది చివర గానీ గ్రహించలేదు. ఆ తప్పు నాది.

దాన్ని గురించి రాసిన వ్యాసాన్ని ఒక పత్రికకు పంపితే, నాలుగు గళ్లున్న అచ్చు చీటీలో ‘శైలి’ ఎదురుగా టిక్కు పెట్టి తిప్పి పంపారు. శైలిలో ఏం లోపమో రాయలేదు. ఆ చీటీని చాలాకాలం దాచుకున్నాను, టిక్కు తప్ప మరేమీ చెప్పని గడి రాసేవాళ్లను ఏం చేస్తుందో నాకు తెలిసింది దాని వల్లనే. ఇప్పటి సంపాదకులు ఇంకో అడుగు వేశారు. పట్టిక ఉంటేనే వ్యాసం తీసుకుంటారు, ఉపాధ్యాయులు దాన్ని యథాతథంగా వాడుకోవాలంటారు. మీ చివరి రెండు పేజీల పట్టిక అలాంటి ఒత్తిడి వల్లే వచ్చిందని నా అనుమానం. తీసేయండి. దాని స్థానంలో, మీ తరగతి ఒక్క గడిని ఎలా రాసుకుందో, ఏ మాటల మీద పిల్లలు వాదించారో చెప్పండి.

తోటి విద్యార్థులు మార్కులు వేయవచ్చా అని అడిగారు. వద్దు, గళ్లలోని వర్ణనలు వాడనివ్వండి, అంకెలు వాళ్ల చేతికి ఇవ్వకండి. దీన్ని పుస్తకంగా వేయడం గురించి తరువాత మాట్లాడదాం.

ముందుగా ఆ 11 వాక్యాలు నాకు పంపండి. అయితే దానికి, వ్యాసంలో వాడుకోవడానికి కూడా, ఆ పిల్లవాణ్ణి, అతని ఇంట్లోవాళ్లను అడగండి. వద్దంటే ఆ భాగం రాయకండి. సరేనంటే మాత్రం, అతను రాసినది రాసినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా, మొదటి పేజీలో పెట్టండి.

ఆశీస్సులతో.