సైడ్‌లైన్ పర్కషన్, మైకులు, సింథసైజర్: డ్రమ్ కోర్‌లో ఈ గొడవ దేనికి?

ప్రశ్న: మావాడు ఇక్కడి హైస్కూల్ బ్యాండ్‌లో మారింబా (కర్ర పలకల్ని పుల్లలతో కొట్టి వాయించే పెద్ద వాద్యం) వాయిస్తాడు. వచ్చే ఏడాది డ్రమ్ కోర్‌కి (మైదానంలో కవాతు చేస్తూ ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు వాయించి పోటీపడే కుర్రాళ్ళ బృందం) ఆడిషన్ ఇస్తానంటున్నాడు. మొన్న ఒక షోలో మా పక్క సీట్లో కూర్చున్న అమెరికన్ పెద్దాయన, ఒకప్పుడు తనూ కోర్‌లో మార్చ్ చేశారట, "సైడ్‌లైన్ దగ్గర నిలబడి కరెంటుతో వాయించేది డ్రమ్ కోరే కాదు" అని తీసిపారేశారు. ఆయనకి అంత కోపం ఎందుకు? మావాణ్ణి పంపమంటారా, వద్దంటారా?

జవాబు:

పంపండి. ఆ పెద్దాయన కోపం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన మూడు వేర్వేరు తగాదాల్ని ఒకే వాక్యంలో కలిపేశారు. నేల మీద పెట్టి వాయించే వాద్యాలు ఒక తగాదా, వాటికి మైకు పెట్టడం ఇంకొకటి, సింథసైజర్ మూడోది. నా లెక్కలో మొదటి రెండింటిలో ఆయన మాట నిలవదు, మూడోదాంట్లో చాలావరకు నిలుస్తుంది.

నేనేమీ సంగీతం చదువుకున్నవాణ్ణి కాదండి. మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. మా అమ్మాయి హైస్కూలంతా పిట్‌లోనే, అంటే మైదానం ముందు అంచున నిలబడి వాయించే జట్టులోనే, వాయించింది, తర్వాత ఒక కోర్‌తో వేసవుల్లో ఊళ్ళు తిరిగింది. ట్రైలర్ లోంచి మారింబాలు దించి, మైదానంలోకి తోసుకెళ్ళి, వర్షం పడితే టార్పాలిన్ కప్పే తండ్రుల జట్టులో నేనూ ఒకణ్ణి. వాద్యాల పక్కనే నిలబడ్డాను కాబట్టి స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళకి వినపడనివి కొన్ని విన్నాను.

ముందు నేల మీది వాద్యాల సంగతి. డ్రమ్ కోర్‌లు పుట్టింది మాజీ సైనికుల సంఘాల నీడలో. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ శాఖలు కుర్రాళ్ళకి బ్యూగిళ్ళు, డ్రమ్ములు ఇచ్చి కవాతు చేయించేవి. ఏదైనా సరే మోసుకుంటూ నడవాల్సిందే. ఆ సంఘాల రూల్స్ నుంచి బయటపడాలని కోర్‌లు తమకి తామే 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకుని, 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి చాంపియన్‌షిప్ జరుపుకున్నాయి. అప్పటికీ మోత పోలేదు. 1970లలో జైలోఫోన్లు, బెల్స్ మెడకి తగిలించుకుని నడిచేవాళ్ళు. టింపనీ, అంటే పెద్ద గంగాళంలాంటి డ్రమ్ములు, అయితే పిల్లకొకటి చొప్పున నలుగురైదుగురు మోస్తూ, ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు ఒక్కో స్వరం కొట్టేవాళ్ళు. పాత వీడియోలు దొరికితే చూడండి, ఆ పిల్లల వెన్నెముకల మీద జాలేస్తుంది. 1980ల మొదట్లో రూలు మార్చి వాద్యాల్ని ఫ్రంట్ సైడ్‌లైన్ దగ్గర దించుకోనిచ్చారు. అదే పిట్, ఇంకాస్త మర్యాదగా ఫ్రంట్ ఎన్సెంబుల్.

"నడవనివాడు కోర్ సభ్యుడు ఎలా అవుతాడు" అన్న సణుగుడు అప్పట్నుంచీ ఉంది. ఫైనల్స్‌లో ఉత్తమ పర్కషన్‌కి ఇచ్చే అవార్డు ఫ్రెడ్ శాన్‌ఫర్డ్ పేరు మీద ఉంది. 1970లలో శాంటా క్లారా వాన్‌గార్డ్ అనే కోర్ డ్రమ్‌లైన్‌ని (నడుస్తూ డ్రమ్ములు కొట్టే జట్టుని) తీర్చిదిద్దినాయన. పాతకాలం వాళ్ళకి దేవుడితో సమానం. ఆయన పేరు మీద ఇచ్చే ఆ అవార్డులో డ్రమ్‌లైనూ పిట్టూ రెండూ కలిసే ఉంటాయి. ఇక ఈ తగాదాని ఇక్కడితో వదిలేయొచ్చు.

రెండోది మైకులు. 2004 సీజన్ నుంచి పిట్‌కి మైకు పెట్టడాన్ని అనుమతించారు. అంతకుముందు పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో, అరవై డెబ్భై మంది ఇత్తడి వాద్యాలు ఊదుతుంటే, మారింబా వినపడటానికి పిల్లలేం చేసేవాళ్ళంటే: గట్టి మాలెట్లు (కొట్టే పుల్లలు) తీసుకుని, చెయ్యి భుజం దాకా ఎత్తి బాదేవాళ్ళు. రోజ్‌వుడ్ బార్ల మీద అలా బాదితే బార్ పగులుతుంది, పగలకపోయినా టకటకమనే శబ్దమే తప్ప నాదం రాదు. మారింబాకి అందం కింది స్వరాల్లో ఉంది. దానికి నూలు చుట్టిన మెత్తటి మాలెట్ కావాలి, మణికట్టు వదులుగా ఉండాలి. మైకు వచ్చాకే పిల్లలు బయట మైదానంలో కూడా కాలేజీ రిసైటల్‌లో వాయించినట్టు, నాలుగు మాలెట్లతో, మెల్లగా వాయించగలుగుతున్నారు.

మనకిది కొత్త సంగతేం కాదు కదా. వీణకి కాంటాక్ట్ మైకు పెట్టినప్పుడు కూడా సంప్రదాయం పోయిందన్నవాళ్ళున్నారు. కానీ ఆ మైకు వల్లే వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా గమకం చివరి దాకా వినపడింది. వాయించేది వేళ్ళే, మైకు దాన్ని దూరం తీసుకెళ్ళిందంతే. మారింబాదీ అదే కథ.

అదే 2004 రూలు గొంతుకి కూడా తలుపు తీసింది. అక్కడ మాత్రం జనం విసుక్కున్న మాట వాస్తవం. కెడెట్స్ కోర్ 2007లో షో పొడుగునా మాటలు పెట్టింది. హార్న్‌లైన్, అంటే ఇత్తడి వాద్యాల జట్టు, ప్రాణం పెట్టి ఊదుతుంటే పైనుంచి మైకులో ఎవరో తమ మనసులో మాట చెబుతుంటారు. వాయిద్యం వినడానికి టికెట్ కొన్నవాడికి ఒళ్ళు మండదా మరి?

ఇక మూడోది, అసలు మంట. 2009 నుంచి సింథసైజర్లు, ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. వాటిని వాయించేది కూడా కోర్ సభ్యులే, రికార్డు పెట్టేసి పక్కన నిలబడరు. అయినా ఇబ్బంది ఎక్కడంటే కింది స్వరాల దగ్గర. ట్యూబాలు (ఇత్తడిలో అన్నిటికన్నా కింది స్వరాలు ఊదేవి) ఊదుతున్న స్వరాన్నే సింథ్ లోనూ నొక్కి, సబ్‌వూఫర్ అనే కింది స్వరాల స్పీకర్ లోంచి వదులుతారు. ఛాతీ అదురుతుంది, సీటు అదురుతుంది. ఏ స్వరమో తెలియదు, ఎవరు వాయించారో అంతకన్నా తెలియదు. ఇక్కడి అభిమానులు దాన్ని "గూ" అని వెక్కిరిస్తారు, జిగురు ముద్దలా అన్నిటికీ అంటుకుంటుంది కాబట్టి.

మా అమ్మాయి స్కూల్ బ్యాండ్‌లో ఒక సాయంత్రం రిహార్సల్ మధ్యలో జనరేటర్ ఆగిపోయింది. పెట్రోల్ అయిపోయిందని తర్వాత తెలిసింది, పోయాల్సిన తండ్రి నేను కానని ముందే చెప్తున్నాను. డైరెక్టర్ ఆపలేదు, "అలాగే కానీండి" అని మొదటి నుంచి వాయించమన్నారు. నేను సైడ్‌లైన్‌కి ఇరవై గజాల ముందు, పార్కింగ్ వైపు నిలబడి ఉన్నాను. మారింబాల్లో వేగంగా పరిగెత్తే పదహారో వంతు స్వరాలు పూర్తిగా మాయమైపోయాయి. ఆరుగురు పిల్లల చేతులు కదలడం కనిపిస్తోంది, శబ్దం లేదు. ఏడాదంతా సాధన చేసింది గాలిలో కలిసిపోయింది. కానీ అదే వాయింపులో చివర బ్యాండ్ అంతా నిండుగా ఊదే చోటు వచ్చేసరికి, ట్యూబా పిల్లలు నాకు మొదటిసారి స్పష్టంగా వినపడ్డారు. ఒకబ్బాయి కాస్త శ్రుతి తక్కువ పట్టడం, పక్కవాణ్ణి విని సర్దుకోవడం కూడా తెలిసింది. రోజూ ఆ చోట సింథ్ వచ్చి వాళ్ళ మీద దుప్పటి కప్పేస్తోందన్నమాట.

పిట్ మైకు వినపడనివాణ్ణి వినిపిస్తుంది, కింది సింథ్ వినపడేవాణ్ణి కప్పేస్తుంది. నా పట్టింపంతా ఇక్కడే.

కోర్‌లు ఎందుకు మానవంటే, మార్కులు అలా ఉన్నాయి. మొత్తం 100లో 40 మార్కులు జనరల్ ఎఫెక్ట్‌వి. అంటే షో మొత్తం మనిషిని ఎంత కదిలించిందన్నదానికి. విజువల్‌కి 30, సంగీతానికి 30. ముగింపులో స్టేడియం దద్దరిల్లితే ఎఫెక్ట్ జడ్జి కూడా మనిషే కదా. పైగా స్పీకర్ల మిక్సింగ్ చేసేది పిల్లలు కాదు, స్టాండ్స్‌లో ట్యాబ్లెట్ పట్టుకుని కూర్చున్న సిబ్బంది. పిల్లల పోటీలో పెద్దవాడి వేలు ఎంత ఉండాలన్నది న్యాయమైన ప్రశ్నే, దీనికి ఎవరూ నాకు సరైన సమాధానం చెప్పలేదు.

అలాగని సింథ్ మొత్తం చెడ్డదనను. 2014లో బ్లూకోట్స్, ఒహాయో కోర్, ఇత్తడి స్వరాల్ని సింథ్‌తో కలిపి కిందికీ పైకీ వంచుతూ ఒక షో చేసింది. స్టేడియం నేలే ఒరిగిపోతున్నట్టుండేది, జనం వెర్రెత్తిపోయారు. ఆ ఏడాది వాళ్ళకి రెండో స్థానం. ఆ పని ఇత్తడితో మాత్రమే చేయలేరు, సింథ్‌తో మాత్రమే చేస్తే ఎవరూ పట్టించుకోరు. వాడితే అలా వాడాలి. ట్యూబాకి ఊతకర్రలా కాదు.

"కరెంటు వచ్చాకే కోర్‌లు చచ్చిపోయాయి" అని కూడా ఆ పెద్దాయన అనే ఉంటారు, అందరూ అంటారు. ఇది నిజం కాదు. 1970లలో దేశమంతా వందల కోర్‌లుండేవి, వాటిలో చాలావరకు డబ్బుల్లేక మూతపడింది 2004కి చాలా ముందే. ఇక రూలు మారిన ప్రతిసారీ ఇదే ఏడుపు. బ్యూగిల్‌కి మూడు వాల్వులు ఒప్పుకున్నప్పుడు ఏడ్చారు, 2000లో జీ శ్రుతి బ్యూగిళ్ళు వదిలి ఏ శ్రుతి ఇత్తడైనా తెచ్చుకోవచ్చన్నప్పుడు ఏడ్చారు, 2014లో ట్రాంబోన్లు రానిచ్చినప్పుడు మళ్ళీ.

ఇప్పుడు మీవాడి సంగతి. నిలబడి వాయించేవాళ్ళకి తేలిక అనుకుంటే పొరపాటు. మైదానం అడ్డంగా 160 అడుగులు, అంటే దాదాపు 49 మీటర్లు. వెనక సైడ్‌లైన్ దగ్గర కొట్టిన స్నేర్ దెబ్బ ముందున్న పిట్‌కి చేరడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిమిషానికి 180 బీట్ల వేగంలో అది బీటులో సగానికి కాస్తే తక్కువ. పిట్ పిల్లలు ముందు నిలబడి తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూసి వాయిస్తే, వెనకనుంచి వచ్చే శబ్దం కంటే ముందుంటారు, స్టాండ్స్‌లో అంతా చిందరవందరగా వినపడుతుంది. అందుకని వాళ్ళు కళ్ళని నమ్మకూడదు. వెనకనుంచి డ్రమ్‌లైన్ శబ్దం చెవికి చేరే క్షణానికి చేయి పడాలి. డ్రమ్‌లైన్ మైదానంలో అటూ ఇటూ తిరుగుతుంటుంది కాబట్టి ఆ ఆలస్యం షో పొడుగునా మారుతూనే ఉంటుంది. మా అమ్మాయికి ఇది ఒంటబట్టడానికి మాలెట్ పట్టు నేర్చుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. పక్కనే స్పీకర్ మోగుతుంటే వెనకది వినడం ఇంకా కష్టం. ఆడిషన్‌లో సిబ్బంది వేళ్ళ వేగంతో పాటు ఈ చెవి ఉందా లేదా అని కూడా చూస్తారు. ఇంట్లో మెట్రోనోమ్‌ని వెనక, దూరంగా గది అవతల పెట్టి సాధన చేయమనండి. ముందు పెట్టుకుని వాయించే అలవాటు ఇప్పుడే మానాలి.

మీ ఇంట్లో పియానో నేర్పించి ఉంటే (మన ఇళ్ళల్లో నేర్పించకుండా ఎక్కడుంటాం) సింథ్ సీటుకి కూడా పేరు ఇవ్వమనండి. నేను సింథ్‌ని తిట్టానని అది చిన్నచూపు పని అనుకోవద్దు. ఏం వాయించాలో రాసేది అరేంజర్, పిల్లలు కాదు.

ఫీజు వేల డాలర్లలో ఉంటుంది, వేసవంతా బస్సుల్లో నిద్ర, స్కూల్ జిమ్ నేల మీద నిద్ర. 21 ఏళ్ళ వయసు దాకా అవకాశం ఉంటుంది కాబట్టి తొందరేం లేదు, ఒక ఏడాది ఆగినా నష్టం లేదు. ఒప్పుకునే ముందు జులైలో శాన్ ఆంటోనియోలో అలమోడోమ్ షోకి వాణ్ణి తీసుకెళ్ళండి. టికెట్లు కింద, ముందు వరసల్లో కొనకండి, అక్కడ సబ్‌వూఫర్లు తప్ప ఇంకేమీ వినపడవు. పై అంతస్తులో, మైదానం నడిమధ్య ఉండే యాభై గజాల గీతకి ఎదురుగా తీసుకోండి. ధర కూడా తక్కువే.