వేడెక్కాక థర్డ్ గేర్‌లో ఇరుక్కుపోయే ఆటోమేటిక్: ముందు సెన్సర్ సంగతి తేల్చండి

గేర్‌బాక్స్ ఇప్పుడే దింపనివ్వకండి. మీది 2012 వెర్నా, 4-స్పీడ్ ఆటోమేటిక్. బాగా వేడెక్కాక థర్డ్‌లోనే ఉండిపోతోంది, ఇంజన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో పీ0722 వచ్చింది, కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగుంటోంది, మెకానిక్ మాత్రం లోపల అరిగింది, గేర్‌బాక్స్ దింపాలంటున్నాడు అన్నారు. కీ తిప్పితే సర్దుకోవడం ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం, లోపల క్లచ్ జారినా అలాగే జరగొచ్చు. కానీ పీ0722 అంటే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సిగ్నల్ రావడం లేదని. దానికి వేడి కూడా తోడైతే నా అనుమానం మొదట సెన్సర్ మీదికీ, దాని వైరింగ్ మీదికీ పోతుంది.

గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి ఇన్‌పుట్ వేగం (ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చేది), అవుట్‌పుట్ వేగం (చక్రాల వైపు పోయేది) రెండూ కావాలి. ఒకదాన్ని రెండోదానితో భాగించి ఏ గేర్ పడిందో, క్లచ్ జారుతోందో లేదో తెలుసుకుంటుంది. అందులో ఒకటి పోతే సోలనాయిడ్లకు, అంటే గేర్లు మార్చే ఆయిల్‌ని నడిపించే కరెంటు వాల్వులకు, కరెంటు ఆపేస్తుంది. అప్పుడు ఆయిల్ ప్రెషర్‌తో ఈ గేర్‌బాక్స్‌లో పడేది థర్డే. తప్పు కనిపిస్తే బండిని ఇలా ఒకే గేర్‌లో ఉంచేయడాన్నే లింప్ మోడ్ అంటారు, మీరు చూస్తున్నది అదే.

పార్టు కొనేముందు లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగానే అంకెలు చూపించే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించేది) తెచ్చుకోండి. కోడ్ మాత్రమే చదివేది చాలదు, గేర్‌బాక్స్ డేటా కూడా తెరుచుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా పార్క్‌లో ఉంచితే ఇన్‌పుట్ వేగం ఇంజన్ ఆర్‌పీఎంకి దగ్గరగా ఉండాలి, అవుట్‌పుట్ సున్నా ఉండాలి. బ్రేక్ గట్టిగా తొక్కి డ్రైవ్‌లో వేయగానే ఇన్‌పుట్ కూడా సున్నాకి పడిపోవాలి, ఎందుకంటే గేర్ పడి ఉన్నప్పుడు చక్రాలు ఆగితే టర్బైన్, అంటే ఇంజన్ ఆయిల్ ద్వారా తిప్పే గేర్‌బాక్స్ వైపు చక్రం, కూడా ఆగుతుంది. తర్వాత పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీదికి వెళ్లండి. నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు. ఇన్‌పుట్‌ని అవుట్‌పుట్‌తో భాగిస్తే వచ్చేదే గేర్ రేషియో. ఈ గేర్‌బాక్స్‌లో థర్డ్ రేషియో 1.000, కాబట్టి థర్డ్‌లో రెండు అంకెలూ దాదాపు ఒకటే రావాలి. సెకండ్ రేషియో 1.551, అంటే అవుట్‌పుట్ 1000 చూపిస్తే ఇన్‌పుట్ 1550 దగ్గర ఉండాలి.

అసలు కీలకం ఇక్కడే ఉంది. 50 కిలోమీటర్ల వేగంలో అవుట్‌పుట్ అంకె ఒక్కసారిగా సున్నాకి పడి మళ్లీ లేచిందంటే అది కరెంటు తాలూకు తప్పే. పోతున్న బండి చక్రాలు క్షణంలో ఆగి మళ్లీ తిరగవు కదా. అలా కాకుండా అవుట్‌పుట్ నిలకడగా ఉండి, గేర్ పడ్డాక కూడా ఇన్‌పుట్ పైకి ఎగబాకుతుంటే అది నిజంగా క్లచ్ జారడం. అప్పుడు సెన్సర్ మార్చినా డబ్బు దండగ.

తప్పు కరెంటుదని తేలితే బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ బాక్సు, అడ్డొస్తే బ్యాటరీ ట్రే కూడా తీయండి. సెన్సర్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) ఊడదీసి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము, లోపల ఆయిల్ తడి, వదులైన పిన్ను, వీటిలో ఏది ఉన్నా ముందు దాన్ని సరిచేయాలి. ప్రెషర్ వాటర్ వాష్ తర్వాత మొదలైన కోడ్‌లకి చాలాసార్లు కారణం ఇదే. ట్రే అంచుకి వైరు ఒరుసుకున్న చోటు, ఎలుకలు కొరికిన చోటు వేళ్లతో తడిమి చూడండి. వర్షాకాలంలో ఎలుకలు ఇంజన్ బేలో చేరడం మామూలే. కంప్యూటర్ కప్లర్ నుంచి సెన్సర్ కప్లర్ దాకా ఒక్కో వైరుకీ కంటిన్యుటీ (మధ్యలో తెగకుండా ఉందా అని) చూడండి, సిగ్నల్ వైరు ఎర్త్‌కి తగులుతోందేమో కూడా చూడండి. తర్వాత బ్యాటరీ మళ్లీ తగిలించి, కీ ఆన్ చేసి, కప్లర్‌లో సప్లై వోల్టేజీ వస్తోందా అని మల్టీమీటర్‌తో కొలవండి.

మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి నేరుగా సెన్సర్‌ని కొలవకండి. తీగ చుట్ట ఉండే కాయిల్ రకానికి మాత్రమే రెసిస్టెన్స్ కొలత అర్థవంతం. హాల్ రకంలో లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, ఆ అంకె ఏమీ చెప్పదు. రెండు వైర్లున్నంత మాత్రాన కాయిల్ అనుకోవడానికీ లేదు, రెండు వైర్ల హాల్ సెన్సర్లు కూడా ఉన్నాయి. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ చూశాకే మీటరు పెట్టండి.

వైరింగ్ శుభ్రంగా ఉంటే అప్పుడు సెన్సర్ మార్చండి. ఇంజన్ చల్లారనివ్వండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ సెన్సర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఊడదీసే ముందే టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. సెన్సర్ చుట్టూ మట్టి తుడవండి, అది లోపల పడితే నేరుగా ఆయిల్‌లోకే పోతుంది. 10 నంబరు బోల్టు ఒక్కటే ఉంటుంది. అది తీశాక సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్లాస్టిక్ పగులుతుంది. బయటికొచ్చాక దాని ముక్కు చూడండి. బూడిదరంగు పేస్టులాంటి పొడి కొంచెం ఉంటే ఫర్వాలేదు. మెరిసే ఇనుప పెంకులు అంటుకుని ఉంటే మాత్రం లోపల ఏదో అరుగుతోందని, మెకానిక్ మాటకి బలం వచ్చినట్టే.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి ముక్కు పొడవు పోల్చండి. ముక్కుకీ పళ్లచక్రానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. చవక డూప్లికేటు పార్టుల్లో తేడా వచ్చేది ఇక్కడే, ఈ ఒక్కదానికీ ఒరిజినలే కొనండి. కొత్త ఓ-రింగ్‌కి (రబ్బరు రింగుకి) కాస్త ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఎస్‌పీ-3 ఆయిల్ రాసి చేత్తో పూర్తిగా కూర్చోబెట్టాకే బోల్టు బిగించండి. బోల్టుతో లాగి కూర్చోబెట్టొద్దు. బిగింపు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, అల్యూమినియం కేసు కాబట్టి అంతకు మించితే థ్రెడ్ పోతుంది.

కోడ్‌లు చెరిపి, మళ్లీ అదే లైవ్ డేటా పెట్టి, బండి ముందు ఎంతసేపు నడిస్తే ఇబ్బంది వచ్చేదో అంతకంటే ఎక్కువసేపే నడపండి. చల్లగా ఉన్నప్పుడు బాగుందంటే సరిపోదు, మీ బండి తప్పు వేడి మీదే బయటపడుతోంది. ఈసారి రెండు వేగాలూ నిలకడగా ఉండి, పీ0731 నుంచి పీ0734 వరకు ఏదైనా గేర్ రేషియో కోడ్ వస్తే, ఆయిల్ స్థాయి, ప్రెషర్ చూపించుకుని ఆ తర్వాతే గేర్‌బాక్స్ దింపే మాట మాట్లాడండి.