ఆటిజం ఉన్న బాబుకు ఏ ఆటలు మంచివి?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పిస్తున్నాం. కొన్ని నెలలుగా చిరాకు బాగా పెరిగింది. రాత్రి పదకొండు దాటినా నిద్రపోకుండా మంచం మీద ఎగురుతుంటాడు. క్రికెట్ కోచింగ్‌లో చేర్పిస్తే చెవులు మూసుకుని ఒకటే ఏడుపు. వ్యాయామంతో ఇవన్నీ తగ్గుతాయంటున్నారు, నిజమేనా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: కొంతవరకు నిజమే. ఒళ్లు అలిసేలా ఆడే పిల్లల్లో నిద్ర, చిరాకు, ఏకాగ్రత మెరుగుపడటం చాలామందిలో చూస్తాం. అయితే వ్యాయామం ఆటిజాన్ని పోగొట్టదు. పోగొడతామని చెప్పి డబ్బు గుంజేవారి జోలికి వెళ్లకండి.

క్రికెట్ విషయంలో బాబు తప్పేమీ లేదమ్మా. తన వంతు వచ్చేదాకా నిలబడాలి, అరుపులు భరించాలి, ఎటు నుంచి వస్తుందో తెలియని బంతిని పట్టాలి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు చేతికీ కంటికీ సమన్వయం తక్కువ. అలాంటి వారికి ఒకే కదలిక పదేపదే వచ్చే ఆటలు నప్పుతాయి: ఈత, సైకిల్, నడక, కరాటేలో ఒకే వరుసలో వేసే కదలికలు (కటాలు). ఎగరడం మాన్పించకండి. మంచం మీద కాకుండా నేల మీద పరుపు వేసి, సాయంత్రం పూట ఎగరనివ్వండి. పడుకునే ముందు మాత్రం వద్దు.

ఐదు నుంచి 17 ఏళ్ల పిల్లలు, వైకల్యం ఉన్నవారు సహా, రోజుకు సగటున 60 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ అంకె చూసి కంగారు పడకండి, పది నిమిషాలతో మొదలుపెట్టండి. రోజూ అదే సమయం, అదే దారి. చెప్పులు, పార్కు, ఊయల, ఇల్లు – ఈ నాలుగు బొమ్మలు వరుసగా ఓ అట్ట మీద అంటించి బయలుదేరే ముందు చూపించండి. చివర్లో ఇంటి బొమ్మ తప్పనిసరి. ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోతేనే చాలామంది పిల్లలు మొండికేస్తారు.

ఈతకు పంపేముందు ఒక్క మాట. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరును అడగకుండా నీటిలో దించవద్దు. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే మహా ఇష్టం, ప్రమాదం మాత్రం తెలియదు. ఈత వచ్చినా సరే, సంపు మూతకు తాళం ఉండాల్సిందే.

అసలు నన్ను ఆలోచింపజేసింది మీరు రాసిన 'కొన్ని నెలలుగా' అన్న మాట. చిరాకు కొత్తగా పెరిగిందంటే ముందు నొప్పి ఉందేమో చూడాలి. పుచ్చిపన్ను, మలబద్ధకం, చెవిపోటు వంటివి ఈ పిల్లల్లో చాలామంది నోటితో చెప్పలేరు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి. చిరాకు తగ్గడానికి డాక్టర్లు ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందు వాడుతుంటే ఆకలి, బరువు పెరగవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు. ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి పళ్లు, పొట్ట, చెవులు పరీక్ష చేయించండి. ఆటల సంగతి ఆ తర్వాత మొదలుపెట్టినా నష్టం లేదు.