తొమ్మిదితో భాగించి చూడు

చి. రమ్యకు,

మామయ్య ఆశీస్సులు. నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ సెక్షన్‌లో బిల్లులన్నీ ఇక సాఫ్ట్‌వేరే చదివేస్తుందట, పదిమంది పనికి ముగ్గురు చాలంటున్నారట కదా. టెన్షన్ పడొద్దని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు తల్లీ.

నేను బ్యాంకులో గుమస్తాగా చేరింది 1982లో. 1984లో రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లోకి కంప్యూటర్లు రావాలంది. గేటు మీటింగుల్లో వద్దని గొంతు చించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగాలు వెంటనే పోలేదు. కానీ 2000–01లో వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే ప్రభుత్వ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది వెళ్లిపోయారు. నా పక్క సీటు అలా ఖాళీ అయిందే. అందుకని ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకో. కొత్త ఫోన్ తర్వాత కొనుక్కోవచ్చు.

ఇక పని సంగతి. లెడ్జర్ల కాలంలో నెలాఖరుకి లెక్క కుదిరేది కాదు. ఒకసారి 540 రూపాయలు తేడా వచ్చింది. రాత్రి తొమ్మిదైనా దొరకలేదు. మా హెడ్ క్లర్కుగారు టీ తాగుతూ, "తొమ్మిదితో భాగించవయ్యా" అన్నారు. శేషం లేకుండా పోయింది. అలా పోతే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమో చూడాలట. పావుగంటలో దొరికింది: 1,280 వేయాల్సిన చోట 1,820 వేశాం.

కంప్యూటర్ వచ్చాక కూడికల్లో తేడా రావడం మానేసింది. అయినా ఒకావిడ పింఛను రెండు నెలలు అదే పేరున్న ఇంకొకావిడ ఖాతాలో పడింది. మొత్తం పైసాతో సహా సరిపోయింది మరి, మెషీన్‌కి అనుమానం ఎందుకొస్తుంది? ఆ ఇద్దరినీ ముఖాలతో సహా ఎరిగిన మా కౌంటర్ గుమస్తా పట్టుకున్నాడు.

నువ్వూ ఓ నోటుబుక్ పెట్టుకో. సాఫ్ట్‌వేర్ ఏ బిల్లు దగ్గర తడబడిందో ఏ రోజుకారోజు రాయి. చేతిరాత బిల్లా, వేరే రాష్ట్రాల్లో వేరే జీఎస్‌టీ నంబర్లున్న ఒకే సప్లయరా, ఒకే బిల్లు రెండుసార్లు వచ్చిందా? నెల తిరిగేసరికి దాని తప్పుల వరస నీకు తెలిసిపోతుంది. అప్పుడు మీ మేనేజర్‌కి చూపించు, అదీ మెయిల్‌లో. నోటిమాటగా చెబితే ఆ పేరు ఇంకొకరు కొట్టేస్తారు. ట్రైనింగ్ కూడా ఆఫీసు వేళల్లోనే ఇమ్మని అడుగు, మొహమాటపడకు.

ఇంకొకటి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు. నేను టీకి వెళ్లినప్పుడు పక్కాయన నా ఐడీలో ఒక వోచరు ఎక్కించాడు. తప్పు అతనిది, మెమో నాకు. మూడు నెలలు సంజాయిషీలు రాస్తూనే ఉన్నాను. మెషీన్ చదివిన బిల్లును నువ్వు చూడకుండా ఓకే కొట్టినా అంతే, రికార్డులో ఉండేది నీ పేరే.

అత్తయ్య సున్నుండలు చేసింది. ఆదివారం రా, నోటుబుక్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మామయ్య